మిన్నెసోటా సంఘాన్ని బలపరుద్దాం రండి

ఒంగోలుకు పది మైళ్ళ దూరంలో ఉన్న మా పల్లె బాప్టిస్టు సంఘానికి అమెరికాలోని మిన్నెసోటాలో ఒక భాగస్వామ్య సంఘం ఉంది. ఏటా జనవరిలో, అంటే అక్కడ మంచు గడ్డకట్టి కార్లు కదలని నెలలో, మమ్మల్ని బలపరచాలన్న భారం వాళ్ళ హృదయాల్లో పుడుతుంది. మే నెలలో ఆ భారం ఎవరికైనా కలిగినట్టు మా మినిట్సు పుస్తకంలో ఎక్కడా లేదు.

వాళ్ళొచ్చినప్పుడు మేం బలపడే పద్ధతి ఇది. ముందురోజే షామియానా, మైకుసెట్టు, ఫ్లెక్సీ. ఊరి మొగదల డప్పులు. మనిషికో బంతిపూల దండ, ఒక శాలువా, ఒక కొబ్బరిబోండాం. కారం లేకుండా కోడికూర వండినందుకు మా వంటామె ఆ రాత్రి మోకరించి క్షమాపణ వేడుకుంది. పర్యాటక వీసా మీద వచ్చినవాళ్ళు మన దేశంలో బోధ చేయకూడదు గనుక, అతిథి నియమం తప్పకుండా రెండే రెండు ముక్కలు చెబుతాడు: మిమ్మల్ని చూడటం సంతోషం, ఇక్కడ ఎండ బాగుంది. తర్జుమా చేసే మా పాస్టరు అయ్యగారు ఆ రెండు ముక్కల్లోంచి నలభై నిమిషాల ప్రసంగం, మూడు హెచ్చరికలు, చివర్లో కానుకల పిలుపు తీస్తారు. అతిథి ఆశ్చర్యంగా చూస్తాడు. తెలుగు చాలా పొడుగు భాష అనుకుంటాడు కాబోలు.

తర్వాత గోడ. మా సండేస్కూలుకు ఒక గోడ ఉంది, ప్రతి బృందమూ దానికే రంగు వేస్తుంది. మొన్నటి ఏడు పసుపు, నిరుడు నీలం, ఈ ఏడు గులాబీ. మా సంఘంలో పెయింటింగు పనివాళ్ళు నలుగురున్నారు. దండలు మోయడానికి మనుషులు కావాలి గనుక ఆరోజు వాళ్ళు పని మానుకుని వస్తారు. బృందం వెళ్ళిపోయాక గోడకు రెండో కోటు వేసేదీ వాళ్ళే.

వెళ్ళేరోజు కళ్ళు తుడుచుకుంటూ అతిథులు తప్పకుండా ఒక మాట అంటారు: మిమ్మల్ని బలపరుద్దామని వచ్చాం, మేమే బలపడి వెళ్తున్నాం. నేను సంఘ కోశాధికారిని. ఈ మాట పదిహేనేళ్ళుగా వింటున్నాను. జమాఖర్చుల ప్రకారం చూస్తే పదిహేనేళ్ళుగా ఇక్కడి బలమంతా అక్కడికి ఎగుమతి అవుతోందన్నమాట. దిగుమతి పద్దులో మూడు రంగులు తప్ప ఏమీ లేవు.

పోనీ అంత బలం అందుకున్నవాళ్ళు పుంజుకున్నారా అంటే అదీ లేదు. ఏదో ఒక చర్చిలోనో, యూదుల సినగాగులోనో, మసీదులోనో సభ్యత్వం ఉన్న అమెరికన్లు నూటికి 47 మందేనని 2020 లెక్కల్లో సర్వేలు చేసే గాలప్ సంస్థ చెప్పింది. ఎనభై ఏళ్ళకు పైగా అడుగుతున్న ప్రశ్నకు సగం కన్నా తక్కువ రావడం అదే మొదటిసారట. వాళ్ళు పంపే క్రిస్మసు ఫొటోలో ఖాళీ బల్లలే ఎక్కువ కనిపిస్తాయి. కూర్చున్న తలలన్నీ నెరిసినవే. ఇంటి నిండా పిల్లలున్న సంఘం మనది, చూస్తూ ఎలా ఊరుకుంటాం?

అయితే తొందరపడి మిన్నెసోటా మిషను మూసేద్దామనే వాదన నాకు నచ్చదు. 1853లో అమెరికాలోని అల్బనీ పట్టణంలో అక్కడి బాప్టిస్టు పెద్దలు కూర్చుని, ఫలం కనబడని తమ నెల్లూరు మిషన్ ఇంకా ఎందుకని తర్జనభర్జన పడ్డారు. చివరికి మూయలేదు. పాతికేళ్ళకు, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరికీ అమెరికా మిషనరీ క్లౌ దొరగారి పేరే గుర్తుంది గానీ, ఆరోజు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. అంచేత మిన్నెసోటాకు కూడా ఒక పాతికేళ్ళు గడువిద్దాం. నీళ్ళలో దిగే పనైతే మనవాళ్ళకు అలవాటే.

మిన్నెసోటాకు వెళ్ళే మన బృందాన్ని కూడా ఎంచాను. నియమం ప్రకారం పని వచ్చినవాడెవడూ ఉండకూడదు. వాళ్ళ చర్చి గోడకు రిటైరయిన మా కరణంగారు రంగు వేస్తారు. అక్కడి పిల్లల్ని అడక్కుండా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగుతాం (పోలీసులొస్తే పాస్టరుగారు తర్జుమా చేస్తారు). వచ్చాక సాక్ష్యం కూడా సిద్ధం: వాళ్ళకు అన్నీ ఉన్నా, పాపం, ఎదురింట్లో ఎవరుంటారో తెలియదు, ఆరాధన గంటలో అయిపోతుంది, అయినా ఎంత నవ్వుతూ ఉన్నారో!

చిక్కల్లా వీసాతోనే. వాళ్ళు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో తెచ్చుకుంటారు. మనం మనిషికి 185 డాలర్లు కట్టి హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేటు దగ్గర నిలబడాలి. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు, కానుకల సంచిలో వేసినట్టే. పైగా వచ్చినవాడు అక్కడే ఉండిపోతాడని వాళ్ళ చట్టం ముందే అనుకుంటుంది, కాదని మనమే రుజువు చేసుకోవాలి. స్త్రీల సమాజం అధ్యక్షురాలు మా పెద్దమ్మ మండిపడింది. "ఉండిపోవడానికి నాకేం ఖర్మరా? నాలుగు బర్రెలున్నాయి, పాలెవరు పిండుతారు?" ఇంతకు మించిన రుజువు నాకు తోచలేదు.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్పయిన అజరయ్యగారు లేచి, ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని అడిగారు. స్నేహితులంటే ఒకరింటికి ఒకరు పోవాలి గదా. నూరేళ్ళు దాటాయి, మా స్నేహం ఇంకా వాళ్ళు రావడం, మేం ఫ్లెక్సీ కట్టడం దగ్గరే ఉంది.

అందుకే పోయిన నెల మిన్నెసోటాకు ఉత్తరం రాశాను. పన్నెండుమందిమి వస్తాం, ఆహ్వాన పత్రం పంపండి, మేం కారం తింటాం అని. వారంలోనే జవాబొచ్చింది. ఆ మాట విని వాళ్ళ సంఘమంతా ఎంతో బలపడిందట. దీని గురించి కూర్చుని ప్రార్థనాపూర్వకంగా మాట్లాడుకోవడానికి జనవరిలో పద్నాలుగుమంది బయలుదేరుతున్నారట. గోడకు ఈసారి ఆకుపచ్చ అయితే మాకు అభ్యంతరమా అని అడిగారు.