మాన్యాలు పోయాక మిగిలిన చదువు

మద్రాస్ ప్రెసిడెన్సీలో చదువు చరిత్రను మిషనరీ స్కూళ్లతోనో, 1854 నాటి వుడ్ డిస్పాచ్ అనే సర్కారు విద్యా విధాన పత్రంతోనో మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది. కానీ అంతకుముందు ఊళ్లలో వీధి బడులు ఉన్నాయి. ఒక రకంగా అవన్నీ ప్రైవేటు బడులే. వాటిని ఎవరు పోషించారు, ఆ పోషణ ఎందుకు ఆగింది అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

మద్రాస్ గవర్నర్ థామస్ మన్రో 1822లో బడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికను ఇవాళ చదివినా కళ్లు తెరుచుకుంటాయి. ఇప్పటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లావే. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో తెలుగు బడులు 226. పొద్దున్న ఆరింటికే బడి మొదలు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దించేవారు.

ఈ 533 బడుల్లో ఒక్కదానికీ సర్కారు సాయం అందడం లేదని, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నానని కూడా క్యాంప్‌బెల్ రాశాడు. పాత పాలకులు చదువుకు భూములను మాన్యాలుగా ఇచ్చారు, ఈస్టిండియా కంపెనీ పాలనలో ఆ ఆదరణ పోయింది. మరోపక్క విలాయతీ బట్ట దిగి చేతివృత్తులవాళ్ల రాబడి పడిపోయింది. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు బడికి దూరమయ్యారు. ఇదంతా కంపెనీ ఉద్యోగే కాగితం మీద పెట్టిన సాక్ష్యం.

అలాగని అదంతా స్వర్ణయుగమంటే ఒప్పుకోలేను. ఆ పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే.

నెలకు ఆరేడు రూపాయలకు మించి అయ్యవార్లకు గిట్టడం లేదని 1826లో మన్రో రాశాడు. జిల్లాకు, తాలూకాకు సర్కారు బడులు పెట్టాలన్నాడు. మరుసటి ఏడాదే పత్తికొండలో కలరాతో చనిపోయాడు; ఆ పథకమూ ఎక్కువ కాలం నిలవలేదు.

1854 తర్వాత గ్రాంట్లు వచ్చాయి, షరతులతో. 1860ల్లో ఫలితాల గ్రాంటు మొదలైంది: ఇన్‌స్పెక్టర్ వచ్చి పరీక్ష పెడతాడు, పాసైన పిల్లల లెక్కన డబ్బిస్తాడు. అయ్యవారి బతుకు ఆ ఒక్క రోజు మీద ఆధారపడితే పాసయ్యే పిల్లల్నే పట్టించుకోక ఏం చేస్తాడు? ఏం నేర్పాలో సర్కారు చెప్పింది, నష్టం మాత్రం అయ్యవారి నెత్తిన పడింది. ప్రైవేటు బడి మీద పెత్తనం అతి తక్కువ ఖర్చుతో సర్కారు చేతికొచ్చింది. పై చదువుల బరువును మెల్లగా ప్రైవేటు సంస్థలకు వదలాలని 1882లో సర్కారు నియమించిన హంటర్ విద్యా కమిషన్ చూపిన దారీ ఇదే.

ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి కోసం 1874లో కందుకూరి వీరేశలింగం పూనుకోవాల్సి వచ్చింది. అలాంటి మనిషిగానీ, దాతగానీ, మిషన్‌గానీ లేని ఊళ్లలో ఫీజు కట్టలేనివాళ్లకు చదువే లేదు.