ఐఈఎల్టీఎస్ స్పీకింగ్‌లో మన పిల్లలు 6 దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు?

విదేశాలకి వెళ్దామనుకునే మన పిల్లలు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్టీఎస్ స్కోర్ కార్డులు ఎవరివి చూసినా నాకు దాదాపు ఒకటే వరస కనిపిస్తుంటుంది, తొమ్మిదికి లిజనింగ్‌లో 7.5, రీడింగ్‌లో 7, తీరా స్పీకింగ్ దగ్గరికొచ్చేసరికి 6, మహా అయితే 6.5. వీళ్లేమీ తెలివి తక్కువ పిల్లలు కాదు, ఎంసెట్‌లో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లు, చాలామంది చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియమే. మరి పదేళ్లకు పైగా ఇంగ్లిష్‌లో చదివి పరీక్షలు రాసినవాళ్లు ఒక ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని పావుగంట మాట్లాడమంటే ఎందుకు నీళ్లు నములుతున్నారు?

నా ఉద్దేశంలో కారణం ఒకటే. మనం స్పీకింగ్ టెస్టుకి కూడా రాత పరీక్షకి ప్రిపేర్ అయినట్టే ప్రిపేర్ అవుతున్నాం. మాట్లాడటం వేరు, అప్పజెప్పడం వేరు. మన కాలేజీలు, ఆ తర్వాత మన కోచింగ్ సెంటర్లు కూడా, పిల్లలకి నేర్పుతున్నది అప్పజెప్పడమే.

ముందు టెస్టు ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగంలో మీ ఊరు, చదువు, ఇష్టాలు లాంటి మామూలు ప్రశ్నలు ఒక నాలుగైదు నిమిషాలు. రెండో భాగంలో టాపిక్ రాసిన ఒక క్యూ కార్డు ఇస్తారు, ఆలోచించుకోడానికి ఒక నిమిషం, పాయింట్లు రాసుకోడానికి పెన్సిలు, కాగితం, తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు మీరే మాట్లాడాలి. మూడో భాగంలో అదే టాపిక్ మీద కొంచెం లోతుగా చర్చ. మార్కులు నాలుగు విషయాలకి, నాలుగింటికీ సమానంగా వేస్తారు: తడుముకోకుండా ఒక వరసలో మాట్లాడటం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ. మీ అభిప్రాయం కరెక్టా కాదా అన్నదానికి ఒక్క మార్కు కూడా లేదు. మొబైల్ ఫోన్ మంచిదే అన్నా, చెడ్డదే అన్నా వాళ్లకి ఒకటే. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలు 'కరెక్ట్ ఆన్సర్' కోసం వెతుక్కుంటూ ఆగిపోతారో చూస్తే బాధేస్తుంది.

ఏ బ్యాండుకి, అంటే ఏ స్కోరుకి, ఏం ఉండాలో చెప్పే డిస్క్రిప్టర్లు నెట్‌లో ఫ్రీగానే ఉన్నాయి, కొద్ది పేజీలే ఉంటాయి, కానీ వేలకు వేలు పోసి కోచింగ్ తీసుకున్నవాళ్లలో కూడా వాటిని చదివినవాళ్లు నాకు అరుదుగానే కనిపించారు. అందులో ఒక మంచి తేడా చూపిస్తారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆగడం వేరు, ఇంగ్లిష్ మాట దొరక్క ఆగడం వేరు. మొదటిది 8 బ్యాండులో కూడా ఉండొచ్చు, మనిషన్నాక ఆలోచిస్తాడు కదా. స్కోరుని కిందికి లాగేది రెండోది. అలాగే 7 బ్యాండుకి గ్రామర్‌లో ఒక్క తప్పు కూడా ఉండకూడదని ఎక్కడా లేదు, తప్పుల్లేని వాక్యాలు తరచుగా వస్తుండాలి, కొన్ని తప్పులు మిగిలినా పర్లేదు. ఇక బట్టీ కొట్టిన మాటల మీద ఆధారపడటం అనే ప్రస్తావన ఎక్కడ వస్తుందో తెలుసా, అట్టడుగున 2, 3 బ్యాండుల దగ్గర.

అయినా మన దగ్గర జరుగుతున్నదేంటి? టెస్టులో టాపిక్‌లు దాదాపు నాలుగు నెలలకోసారి మారతాయంటారు కాబట్టి జనవరి, మే, సెప్టెంబర్ వచ్చాయంటే వాట్సాప్ గ్రూపుల్లో, టెలిగ్రామ్‌లో గెస్ పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి, క్యూ కార్డు, కిందే రెడీమేడ్ జవాబు. ఒక బ్యాచ్ మొత్తం అవే జవాబులు బైహార్ట్ చేస్తారు. రోజూ ఎంతోమందిని వినే ఎగ్జామినర్‌కి అది పట్టుకోవడం ఎంతసేపు చెప్పండి. గొంతు మారిపోతుంది, వేగం మారిపోతుంది, అప్పటిదాకా చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడిన అబ్బాయి ఒక్కసారిగా 'ప్లెథోరా', 'క్వింటెసెన్షియల్' అని మొదలుపెడతాడు, పైగా ఆ మాటలు సరిగ్గా నోరు తిరగవు. తర్వాత మూడో భాగంలో 'ఎందుకలా అనుకుంటున్నారు' అని ఒక్క ప్రశ్న వేయగానే చేతిలో ఏమీ ఉండదు, ఎందుకంటే ఆ అభిప్రాయం అతనిది కాదు కాబట్టి.

నేనైతే ఇలా చెప్తాను. మీరు ఎక్కని విమానం గురించో చూడని పారిస్ గురించో కాదు, మీకు తెలిసిన దాని గురించి మాట్లాడండి. జనం ఎక్కువగా చేరే చోటు గురించి చెప్పమంటే ములుగు అమ్మాయి మేడారం జాతర గురించి చెప్పొచ్చు, రెండేళ్లకోసారి వస్తుందని, అక్కడ బెల్లాన్ని బంగారం అంటారని, కొందరు తమ బరువుకి సరిపడా తూకం వేయించి సమర్పిస్తారని, వాళ్ల నాయనమ్మ అక్కడికి వెళ్లినప్పుడు ఏం జరిగిందో. ఆ అమ్మాయికి విషయం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, ఆమె బుర్రంతా మాట మీదే పెట్టొచ్చు. కాకపోతే ఒక పని ముందే చేసుకోవాలి, తన బతుకులో ఉన్న వస్తువులకి, పనులకి ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలిసుండాలి. నాన్న కౌలు రైతు అయితే టెనెంట్ ఫార్మర్ అనాలని, బెల్లం జాగరీ అని, నారు పోయడం, కోత కోయడం, అప్పు తీర్చడం, సంబంధం కుదరడం ఇవన్నీ ఎలా చెప్పాలో. పదాలు నేర్చుకోవడం అంటే ఇది. బిజినెస్ పేపర్లో పదాలన్నీ వచ్చి, అమ్మ పొద్దున్నుంచీ ఏం చేస్తుందో చెప్పడం రాకపోతే ఆ టెస్టులో ఏం లాభం?

ఇక అసలు తడబాటు ఎక్కడ పుడుతుందో చెప్తాను, దీని గురించి కోచింగ్‌లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, వివరాలన్నీ ముందొస్తాయి. 'మొన్న పెళ్లిలో నీతో మాట్లాడిన, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే మా పిన్ని కొడుకు నిన్న వచ్చాడు' అంటాం. ఇంగ్లిష్‌లో ముందు పిన్ని కొడుకు రావాలి, వెంటనే వచ్చాడని చెప్పేయాలి, ఆ తర్వాతే ఎక్కడ పనిచేస్తాడు, ఎవరితో మాట్లాడాడు అన్నీ. మనసులో తెలుగు వాక్యం పెట్టుకుని మాట్లాడేవాడు చివరిదాకా వెళ్లి, క్రియ పట్టుకుని, మళ్లీ వెనక్కొచ్చి మొదలుపెట్టాలి, ఆ వెళ్లి రావడానికి పట్టే టైమే ఎగ్జామినర్‌కి తడుముకోవడంలా వినిపిస్తుంది. దీనికి మందు ఏంటంటే ఎవరు, ఏం చేశారు అనే రెండు ముక్కలు ముందు బయటికి అనేయడం, మిగతావన్నీ వెనక తగిలించుకుంటూ పోవడం. మొదట్లో వాక్యాలు మరీ చిన్నగా, బడిపిల్లల మాటల్లా ఉంటాయి, ఉండనివ్వండి. రెండు మూడు వారాలు ఇలా చేస్తే 'హూ', 'విచ్', 'బికాజ్'లతో పొడిగించడం దానంతటదే అలవాటవుతుంది.

అలాగే 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'ఐ యామ్ నాట్ నోయింగ్', 'యెస్టర్‌డే ఐ హావ్ గాన్' లాంటివి, అవతలివాళ్లకి అర్థమవుతాయి కానీ పావుగంటలో ఇరవై సార్లు వస్తే గ్రామర్ బ్యాండు అక్కడే కూర్చుంటుంది. గ్రామర్ పుస్తకం మొత్తం తిరగేయక్కర్లేదు, ఎవరికైనా పదే పదే చేసే తప్పులు నాలుగైదే ఉంటాయి. అవి ఏంటో తెలియాలంటే మీ గొంతు మీరు విని తీరాలి.

ఉచ్చారణ విషయంలో మనవాళ్లకి ఉన్న భయం వేరు, జరుగుతున్న నష్టం వేరు. భయమంతా యాక్సెంట్ గురించి. రీల్స్ చూసి 'వాటర్'ని 'వాడర్' అనడం నేర్చుకుంటుంటారు. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు, 8 బ్యాండు వివరణలో కూడా అడిగేది సులభంగా అర్థం కావడం, సొంత భాష యాస దానికి పెద్దగా అడ్డు పడకపోవడం, అంతే. నష్టం జరిగేది ఒత్తు, అంటే స్ట్రెస్ దగ్గర. మనం ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లిష్‌లో ఒక చోట నొక్కి మిగతావి వదిలేస్తారు. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండో అక్షరం మీద, డెవలప్‌లో 'వె' మీద, ఇంజినీర్‌లో చివర. రికార్డ్ అనేది వస్తువైతే మొదట్లో, పని అయితే చివర్లో. ఈ ఒత్తు తప్పితే తెలిసిన మాట కూడా అవతలివాళ్లకి కొత్తగా వినపడుతుంది. తర్వాత 'ఎగ్జామ్'ని 'యెగ్జామ్' అనడం, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనడం, మాట చివర ఉకారం తగిలించి 'బుక్కు', 'బస్సు' అనడం, పడమరకీ లోపల తొడుక్కునే బనీనుకీ ఒకటే 'వెస్ట్' అనడం. నెలరోజులు పట్టుగా చూసుకుంటే ఇవన్నీ చాలావరకు తగ్గుతాయి.

ఇక్కడ నర్సుల గురించి కచ్చితంగా చెప్పాలి. యూకేలో నర్సుగా రిజిస్టర్ అవ్వాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ ఐఈఎల్టీఎస్ అకడమిక్‌లో స్పీకింగ్, లిజనింగ్, రీడింగ్ మూడింట్లోనూ 7 అడుగుతుంది, రైటింగ్‌లో 6.5 చాలు. దాని బదులు ఓఈటీ కూడా రాయొచ్చు, అది వైద్య రంగం వాళ్ల కోసమే పెట్టిన పరీక్ష, స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాలు, ముందు మూడేసి నిమిషాలు కార్డు చదువుకోవడానికి. ఎదుటివాళ్లు పేషెంటో పేషెంటు బంధువో అవుతారు, మీరు నర్సు. ఇక్కడ భాషతో పాటు పేషెంటు భయాన్ని అర్థం చేసుకున్నారా, మధ్యలో ఆపకుండా విన్నారా, చెప్పింది అర్థమైందో లేదో అడిగారా అని కూడా చూస్తారు. వార్డులో రోజూ 'ఏం కాదమ్మా, సూది అయిపోగానే తగ్గిపోద్ది' అని చెప్పే మన అమ్మాయిలకి ఈ పని కొత్తేం కాదు, అదే ఊరడింపు ఇంగ్లిష్‌లో చెప్పగలగడమే కావాలి. అలాంటివాళ్లని తీసుకొచ్చి పర్యావరణం మీద వ్యాసం బట్టీ పట్టిస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

కంప్యూటర్‌తో మాట్లాడే పీటీఈ అనే ఇంగ్లిష్ పరీక్షకి వెళ్తే బట్టీ నడుస్తుందని ఇంకో ప్రచారం. బొమ్మ చూసి వివరించే డిస్క్రైబ్ ఇమేజ్‌కి ఒకే టెంప్లేట్ నేర్పించి బొమ్మ ఏదైనా అందులో ఇరికించమంటారు. 2025 ఆగస్టులో ఆ పరీక్ష నడిపే పియర్సన్ స్పీకింగ్‌లో రెండు కొత్త టాస్కులు చేర్చింది, ఒక సందర్భం ఇచ్చి దానికి తగ్గట్టు మాట్లాడమనడం, కొందరి చర్చ వినిపించి సారాంశం చెప్పమనడం. రెండిట్లోనూ ముందే కట్టిపెట్టుకున్న వాక్యాలు ఎంతోదూరం రావు. యూకే కూడా 2026 జనవరి 8 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి కావాల్సిన ఇంగ్లిష్ స్థాయిని బీ1 నుంచి దాని పై మెట్టు బీ2కి పెంచింది. దేశాలు అడిగేది పెరుగుతూనే ఉంది, మనం మాత్రం పాత పీడీఎఫ్‌లు పట్టుకుని తిరుగుతున్నాం.

తప్పంతా పిల్లలదే అంటే నేనొప్పుకోను. ఇంటర్ రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో నోరు మూసుకుని కూర్చోబెట్టింది మనమే. ఇంగ్లిష్ అనేది చివరి వారంలో గట్టెక్కించే సబ్జెక్టు. తెలంగాణలో 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లిష్‌కి 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రభుత్వ బడుల పిల్లలకి టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష శిక్షణ కోసం, దాన్ని నడిపే ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆలోచనలు మంచివే. కానీ క్లాసులో అరవై మంది ఉంటే ఒక్కో పిల్ల వారానికి ఎన్ని నిమిషాలు నోరు తెరుస్తుంది అన్నది ఎవరైనా లెక్క చూసుకుంటే తప్ప ఆ 20 మార్కులు కూడా రికార్డు పుస్తకం రాయడంతోనే అయిపోతాయి.

ఇంకోటి, మన ఇళ్లల్లో, స్నేహితుల మధ్య ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి ప్రయత్నిస్తే 'ఏంట్రా పోజు కొడుతున్నావ్' అంటారు, తప్పు దొర్లితే నెలరోజులు అదే గుర్తుచేసి నవ్వుతారు. ఊరి నుంచి వచ్చిన పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, ఆ ఒక్క నవ్వుకి ఏళ్ల తరబడి నోరు కట్టేసుకున్నవాళ్లు ఉన్నారు. టెస్టులో తెలియనివాళ్ల ముందు వచ్చే వణుకు సగం అక్కడి నుంచి వచ్చిందే. అందుకే నవ్వని మనిషి ఒకరు దొరకడం కోచింగ్ కంటే ముఖ్యం. అదే పరీక్షకి చదువుతున్న ఫ్రెండ్ ఒకరిని పట్టుకుని రోజూ ఒక పది పదిహేను నిమిషాలు ఫోన్‌లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకోవాలని ఒప్పందం పెట్టుకోండి. ఎవరూ లేకపోతే ఫోన్ రికార్డర్ ఉంది. ఒక టాపిక్ మీద రెండు నిమిషాలు మాట్లాడి, విని, ఎక్కడ ఆగారో రాసుకుని, వెంటనే అదే టాపిక్ మళ్లీ మాట్లాడండి. రెండోసారి తేడా మీకే వినిపిస్తుంది. జవాబు మాత్రం రాసుకోవద్దు, రాసుకున్నారంటే మళ్లీ అప్పజెప్పడంలోకి వెళ్లిపోతారు.

టెస్టు రోజుకి సంబంధించి రెండు మాటలు. రెండు నిమిషాలు అవ్వగానే ఎగ్జామినర్ మధ్యలో ఆపేస్తారు, అది టైమ్ అయిపోయి ఆపడమే, మీరు బాగా మాట్లాడలేదని కాదు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి, ఊహించి వేరే దానికి జవాబు చెప్పడం కంటే అది చాలా నయం. ఒక్క స్పీకింగ్‌లోనే స్కోర్ తగ్గితే, కంప్యూటర్ మీద రాసినవాళ్లు 60 రోజుల లోపు ఆ ఒక్క భాగమే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది, అయితే మీరు వెళ్లాలనుకునే యూనివర్సిటీ లేదా దేశం దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి.

కోచింగ్‌లో చేరేవాళ్లు ఫీజు కట్టే ముందు అక్కడ ఒకే ప్రశ్న అడగండి: వారంలో నేను ఒక్కదాన్నే, లేదా ఒక్కడినే, ఎన్ని నిమిషాలు మాట్లాడతాను, నేను మాట్లాడింది విని నా తప్పులు చెప్పేది ఎవరు? సూటిగా జవాబు రాకపోతే, మెటీరియల్ ఇస్తాం, గెస్ టాపిక్స్ ఇస్తాం అన్నారంటే, ఆ డబ్బులు దగ్గర పెట్టుకోండి, టెస్టు ఫీజుకే 17 వేలు పైన అవుతాయి.