వాట్సాప్‌లో నలిపి నలిపి చూసి, క్లారిటీ లేదంటారేంది?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే పక్కనున్న రెండో ఫోన్ కూడా గోడకేసి కొట్టేలా ఉన్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఫోన్ చేసింది పెళ్లికూతురు మేనమామ. మొన్న కాజీపేటలో నేను షూట్ చేసిన పెళ్లి టీజర్ నిన్న రాత్రి పంపించాను. నాలుగు నిమిషాల వీడియో, 600 ఎంబీ, డ్రైవ్ లింక్. లింక్ కింద "డౌన్‌లోడ్ చేసుకుని చూడండి, వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి" అని తెలుగులో టైప్ చేసి మరీ పెట్టాను. చదివితే కదా! పెళ్లికూతురు తమ్ముడు దాన్ని మామూలు వీడియోలాగా ఫ్యామిలీ గ్రూప్‌లో వేశాడు. అందులోంచి ఎవరో స్టేటస్ పెట్టుకున్నారు. డల్లాస్‌లో ఉన్న వదినగారు ఆ స్టేటస్‌ను స్క్రీన్ రికార్డ్ చేసి మేనమామకు పంపింది. ఆయన దాన్ని 55 అంగుళాల టీవీకి ఎక్కించి, చుట్టాలందరినీ కూర్చోబెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాకు కొట్టాడు.

"తమ్మీ, గిదేంది? మొఖాలు గూడ కానొస్తలేవు. మా బావ గన్ని పైసలు పోసిండు. నీ కెమెరా మంచిది కాదా?"

కెమెరా మంచిది కాదట! దాని ఈఎంఐ ఇంకా కడుతున్నాను నేను.

"అన్నా, లింక్‌లో చూడుండ్రి" అన్నాను. "లింకులు గింకులు మాకెందుకు, సక్కగ ఫోన్ల పంపు" అన్నాడు. వెనకాల ఎవరో పెద్దావిడ "కాజీపేటోళ్లను పెట్టుకుంటే మంచిగుండు" అంటోంది. నేను హనుమకొండ వాణ్ని. మధ్యలో ఉన్నదెంత దూరమని?

జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీసి, దాన్ని ఇంకోసారి జిరాక్స్ తీసి, అక్షరాలు కనబడట్లేదని రాసినోడిని తిడతారా ఎవరైనా? వీడియో దగ్గరికొస్తే మాత్రం తిడతారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించే పంపుతుంది. హెచ్‌డీ అని నొక్కినా కుదించే పంపుతుంది, కాస్త తక్కువ కుదిస్తుంది అంతే. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు పోతుంది, అదీ 2 జీబీ దాకా. 2022 నుంచి ఉంది ఆ సౌకర్యం. పిన్ను గుర్తు నొక్కి, డాక్యుమెంట్ అని నొక్కాలి. పెళ్లికి డ్రోన్ కావాలి, క్రేన్ కావాలి, ఎల్‌ఈడీ స్క్రీన్ కావాలి, ఆ ఒక్క బటన్ మాత్రం వద్దు.

ఇంతకీ ఆయన ఏ సీన్ దగ్గర మొహాలు కనబడట్లేదన్నాడో తెలుసా? తలంబ్రాలు. ఇంకెక్కడ! ఇప్పుడు మన ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఎక్కువ హెచ్.264వే, వీడియోను కుదించడానికి 2003లో వచ్చిన పద్ధతి. అది ప్రతి ఫ్రేమ్‌నూ, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మనూ, పూర్తిగా దాచదు. అప్పుడప్పుడు ఒక ఫ్రేమ్‌ను మొత్తం దాచుకుని, తర్వాత వచ్చేవాటిలో ఏది ఎటు జరిగింది, ఏం మారింది అనేదే రాసుకుంటుంది. పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంటే దానికి పండగే. వెనకున్న డెకరేషన్ కదలదు, పీటలు కదలవు. తలంబ్రాలు మొదలయ్యాయా, ఇక చూడండి. బియ్యం, ముత్యాలు, మధ్యలో ఎవడో గంపెడు పోసిన థర్మకోల్ గుండ్లు, పైనుంచి పేల్చిన రంగు కాగితాలు, ఒక్కోటి ఒక్కో దిక్కు. ఈ ఫ్రేమ్‌లో ఉన్న గుండు తర్వాతి ఫ్రేమ్‌లో అక్కడ ఉండదు. సెకనుకు ఇన్ని బిట్లే వాడాలి అని కట్టేస్తే పాపం అది మాత్రం ఏం చేస్తుంది? పెళ్లికొడుకు మొహాన్ని డబ్బాలు డబ్బాలుగా కోసి పెడుతుంది.

అందుకే నేను 20 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 20 మెగాబిట్ల లెక్కన, ఎక్స్‌పోర్ట్ చేస్తాను. యూట్యూబ్ వాళ్లు ఫుల్ హెచ్‌డీ (1080) వీడియోకి, సెకనుకు 30 ఫ్రేములైతే 8 ఎంబీపీఎస్ చాలంటారు, 4కె అయితే 35 నుంచి 45. వాళ్లు తలంబ్రాలు చూసి రాసిన లెక్క కాదు అది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర తీసిన ఫుటేజ్ ఉంది నా దగ్గర. గునుగు, తంగేడు, బంతి, చుట్టూ తిరిగే వందల చీరల అంచులు. తక్కువ బిట్‌రేట్‌లో పెడితే ఒక్క పువ్వు మిగలదు, అంతా పసుపు ముద్ద.

మధ్యలో బీటెక్ చదివే మేనల్లుడు ఒకడు ఫోన్ అందుకున్నాడు. "బ్రో, ఏఐలో వేస్తే 4కె అయితది కదా" అంటాడు. అయితది బ్రో. లేని వివరాన్ని అదే ఊహించి గీస్తుంది. మీ పెద్దమ్మ మొహంలో ముడతలు పోయి ఎవరో పాతికేళ్ల పిల్ల చూస్తుంది టీవీలోంచి. అప్పుడు మళ్లీ నాకే ఫోన్: "మా పెద్దమ్మ ఏది?"

సరే, ఇదంతా రోజూ ఉండేదే. అసలు మంట వేరే ఉంది.

మీ పెళ్లి వీడియో అంటే ఎంతనుకుంటున్నారు? 4కెలో 100 ఎంబీపీఎస్‌తో తీస్తే గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ. డ్రోన్ వేరే, హల్దీ వేరే, ఖిలా వరంగల్ తోరణం కింద తీసిన ప్రీవెడ్డింగ్ వేరే. వెనకటికి మినీడీవీ టేపు గంటకు 13 జీబీ లెక్క, టేపును అల్మారాలో పడేస్తే సరిపోయేది. ఇప్పుడు డిస్కులు కొనాలి. ఒక్క డిస్కు చాలదు, అది ఎప్పుడు టక్ టక్ అని చప్పుడు చేసి చచ్చిపోతుందో దానికే తెలియదు. మూడు కాపీలు, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే చోట ఉండాలంటారు. నా వేరే చోటు జనగామలో మా అక్క ఇల్లు. బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి మీ పెళ్లిళ్లన్నీ. మూఢంలో అందరూ రెస్ట్ తీసుకుంటుంటే నేను పోయి ఒక్కో డిస్కు పెట్టి తెరుచుకుంటుందో లేదో చూసొస్తాను.

దీనికి ఎవరైనా రూపాయి ఇస్తారా? డెకరేషన్‌కు లక్షలు పోస్తారు, తెల్లారితే ఆ పూలు ట్రాక్టర్‌లో పోతాయి. ఒక హార్డ్‌డిస్క్ తెండి అంటే "పెన్‌డ్రైవ్ చాలదా?" ఒకాయన తెచ్చాడు, 1 టీబీ. కంప్యూటర్‌లో 931 జీబీ చూపించేసరికి మిగతాది నేను తీసుకున్నట్టు చూశాడు నన్ను! కంపెనీ వెయ్యితో లెక్కపెడితే కంప్యూటర్ 1024తో లెక్కపెడుతుంది సార్, నేను కొరికి తినలేదు. ఇంకొకాయన "యూట్యూబ్‌ల పెట్టు, ఫ్రీనే కదా" అన్నాడు. యూట్యూబ్ మన ఫైల్‌ను మళ్లీ కుదించి తన పద్ధతిలో చూపిస్తుంది, అది బీరువా కాదు. పైగా ఆ వీడియో నిండా సినిమా పాటలే. కాపీరైట్ క్లెయిమ్ పడి సౌండ్ పోతే మూగ పెళ్లి చూస్తారా?

అసలు ఇదంతా చెబుతుంటే ఆ జంట గుర్తొస్తున్నారు. పేర్లెందుకులే. వాళ్ల పెళ్లిలో తాత ఒకాయన మైక్ పట్టుకుని, తను పెళ్లికి ఎడ్లబండి మీద ఎట్లా పోయిందీ, దారిలో బండి ఇరుసు ఎట్లా విరిగిందీ చెప్పుకుంటూ పోయాడు. మొత్తం రికార్డ్ చేశాను. పెళ్లికొడుకు చూసి "ముసలోళ్ల ముచ్చట్లెందుకన్నా, తీసెయ్, డ్యాన్సులు పెంచు" అన్నాడు. తీసేశాను. తాత పోయాక ఫోన్ వచ్చింది, ఆ క్లిప్ ఉందా అని. ఒప్పందంలో ఆరు నెలలే డేటా ఉంచుతానని రాసుంది, అయినా ఉంది. జనగామ పోయి, వెతికి, తెచ్చి, సౌండ్‌లో ఉన్న జనరేటర్ మోత తగ్గించి ఇచ్చాను. చార్జ్ చెబితే పెళ్లికొడుకు ఏమన్నాడో తెలుసా?

"మా డేటానే కదన్నా, మాకే అమ్ముతున్నవా?"

ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. వాడి పెళ్లి బ్యాలెన్స్ ఇప్పటికీ రాలేదు. ఆ తాత క్లిప్ మాత్రం ఇన్‌స్టాలో ఏడుపు బొమ్మలతో తిరుగుతోంది, నిలువు వీడియోగా కోసి, తాత చెవులు రెండూ ఎగిరిపోయేలా. కోసినవాడి లోగో కింద మూలకు ఉంది, నా పేరు లేదు.

మొన్న వాళ్ల పాప మొదటి పుట్టినరోజు షూట్ వేరే వాళ్లకు ఇచ్చారు. మంచిదే. ఆ షూట్ తీసిన తమ్ముడు నిన్న నాకు ఫోన్ చేశాడు: "అన్నా, మీ పాత క్లయింట్లే కదా, వీళ్లు బ్యాలెన్స్ ఇస్తరా?"

ఫైల్ ముందే ఇచ్చేశావా అని అడిగాను. ఇచ్చేశాడట.