మహారాజశ్రీ సాల్వెంటు మగ్గు గారికి

మహారాజశ్రీ మగ్గు గారి దివ్యసముఖమునకు ఇంకు గది గుమాస్తా అనేక నమస్కారములు చేసి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయం అంటే తమరూ నేనూ మాత్రమే. మన చేతుల మీదుగా వెళ్లిన పాల ప్యాకెట్ల క్షేమం తమరు అడగరు, నేను చెప్పను.

తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. బకెట్టు కొంటే ఊరికే వచ్చిన నీలిరంగు స్నానాల మగ్గు తమరు. పిడి సగం విరిగాక ఎవరింట్లోనో పనికిరాకుండా పోయి, ఈ ప్లాస్టిక్ ఫిల్ము ముద్రించే షెడ్డులో, ఇంకును పలచబరిచే సాల్వెంటు ద్రవాన్ని పోసే కొలువుకు పట్టాభిషిక్తులయ్యారు. నిన్న పొద్దుపోక తమరి లోపలి గోడను గోటితో గీకాను. పైపొర తెలుపు. దాని కింద పెరుగు ప్యాకెట్టు నీలం, ఆ కింద కారప్పొడి ఎరుపు, ఇంకా లోపల అగరుబత్తి కవరు వెండి రంగు. మన కంపెనీ ఎప్పుడు ఏ ఆర్డరు చేసిందో ఫైళ్లలో దొరకదు కానీ తమరి కడుపులో వరసగా దొరుకుతుంది.

తమరికి ఒక ప్రత్యర్థి ఉన్నాడు. ఫోర్డ్ కప్పు అంటారు. అడుగున దాదాపు 4 మిల్లీమీటర్ల రంధ్రం, అంతే అతని ఆస్తి. రంధ్రానికి వేలు అడ్డం పెట్టి అంచు దాకా ఇంకు నింపి, వేలు తీసి, ధార తెగేవరకు సెకన్లు లెక్కపెడితే ఇంకు ఎంత చిక్కగా ఉందో చెప్పేస్తాడు. మెత్తటి ప్లేట్లతో అచ్చువేసే మన ఫ్లెక్సో యంత్రానికి ఇరవై సెకన్లు ఉండాలని గోడ మీద కాగితం అంటించి ఉంది. పాపం, ఆ కాగితం కిందే మేకుకు వేలాడుతున్నాడు. రంధ్రం పాత ఇంకుతో పూడి చాలా కాలమైంది. అయినా రిజిస్టరులో మాత్రం ఏ లోటూ లేదు. గంటగంటకూ ఇరవై సెకన్లే. ఒకే పెన్ను, ఒకే దస్తూరి. కరెంటు పోయి యంత్రం ఆగిన మూడు గంటల్లోనూ ఇంకు ఇరవై సెకన్లే చూపించింది. ఇంత నిలకడ మనుషుల్లో ఎక్కడుంది?

తమరు ఎందుకు అవసరమో నాకు తెలియక కాదు. సాల్వెంటు గాలికి ఎగిరిపోయే సరుకు. ట్రేలో ఇంకు తెరిచి ఉంచితే నిమిషనిమిషానికీ చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది, ప్లేట్లకు ఇంకు అందించే అనిలాక్స్ రోలరు మీద ఉన్న కంటికి కనపడని గుంటల్లో గడ్డకట్టి కూర్చుంటుంది. కాబట్టి అప్పుడప్పుడూ కాస్త కలపాలి. కాస్త అంటే కొలిచి, కొద్దికొద్దిగా, కలియబెడుతూ. తమరి ఏలుబడిలో పద్ధతి వేరు. చిక్కబడిందా, ఒక మగ్గు. పలచబడిందా, డబ్బాలోంచి కొత్త ఇంకు గుమ్మరించు. మళ్లీ చిక్కబడిందా, మరో మగ్గు. ఉన్న రోగాలన్నిటికీ ఒకటే సూది వేసే ఊరి డాక్టరులాగా తమరు ట్రేకూ ట్రేకూ తిరుగుతుంటారు. మొన్న పసుపు ప్యాకెట్ల ఆర్డరులో మొదటి ఫిల్ము రోలు మీద రంగు పసుపు కొమ్ములా నిగనిగలాడింది. మూడో రోలుకు వచ్చేసరికి కామెర్లు తగ్గుముఖం పట్టిన మనిషి కళ్లలా అయింది. ఆ మనిషికైతే సంతోషించేవాళ్లం.

తమరిలో ఏముందన్నది కూడా ఒక రహస్యమే. సాల్వెంట్లు రెండు రకాలు. ఐపీఏ అనే ఆల్కహాలు డ్రమ్ము దగ్గరగా ఉంటే ఐపీఏ, ఇథైల్ అసిటేట్ డ్రమ్ము దగ్గరగా ఉంటే అదే. మన అచ్చు ప్లేట్లు ఫోటోపాలిమర్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌వి. అసిటేటు మోతాదు మించితే అవి తాగి ఉబ్బుతాయి. అలా ఉబ్బిన రోజున అరలీటరు పాల ప్యాకెట్టు మీద 500లో సున్నాల కడుపులు పూడిపోయాయి. కొనేవాడికి ఐదు, దాని పక్కన రెండు నల్లచుక్కలు కనిపించాయి. ఇక టొల్యూన్ అనే మరో సాల్వెంటు సంగతి. ఆహార పదార్థాల ప్యాకెట్ల మీద ముద్రించే ఇంకు ఐఎస్ 15495 అనే భారతీయ ప్రమాణానికి లోబడి ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల్లో ఉంది. ఆ ప్రమాణాన్ని 2020లో సవరించి టొల్యూన్‌ను బయటికి పంపారు. తమరికి చదువు రాదని తెలుసు కనుక ఈ రెండు వాక్యాలూ పెద్దగా, తమరి మూతి దగ్గర చదివి వినిపించాను.

చిత్రమేమిటంటే తమరికి సంబంధం లేని తప్పులు కూడా తమరే సరిదిద్దాలని మేస్త్రి పట్టుదల. పాలిథీన్ సహజంగా ఇంకును పట్టనివ్వదు, తామరాకు బాపతు. అందుకే ఫిల్ము తయారీలోనే కరెంటుతో ట్రీట్‌మెంట్ కొట్టి, దాని ఉపరితలాన్ని కనీసం 38 డైన్లకు లేపుతారు. డైన్లు అంటే ఉపరితలం ఇంకును ఎంత పట్టుకుంటుందో చెప్పే కొలత. ఆ రోలు మన గోడౌనులో నెలల తరబడి పడుకుంటే, జారుడు కోసం ఫిల్ములో కలిపిన మైనంలాంటి పదార్థం మెల్లగా పైకి తేలి ట్రీట్‌మెంట్ దిగిపోతుంది. ఐదు నిమిషాల్లో డైన్ పెన్నుతో గీసి చూసుకోవచ్చు. గీత చెదరకుండా నిలిస్తే సరే, చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటే ఆ రోలు పనికిరాదు. మన పెన్ను మూత పోయి ఎండిపోయింది. అందువల్ల ముద్రించాక టేపు అంటించి లాగితే, ఆవు బొమ్మ మొత్తం టేపుతో పాటు వచ్చేసింది. మేస్త్రి ఆ ఆవును వెలుతురుకు పట్టి చూసి, ఆలోచించి, ‘‘ఇంకు సరిగా పట్టలేదు, ఒక మగ్గు పోయండి’’ అన్నాడు.

ఆ రోళ్లే డెయిరీకి వెళ్లాయి. పాల ప్యాకెట్టు ఐసు నీళ్లలో నానాలి, క్రేటులో ఒకదానికొకటి రాసుకోవాలి, అప్పుడూ రంగు వదలకూడదు. ఐసు నీళ్లలో ముంచి నలిపి చూసే పరీక్ష ఉంది కానీ ఐసు కోసం క్యాంటీన్ ఫ్రిజ్ తెరవాలి, తాళం యజమాని గారి దగ్గర ఉంటుంది. వారం తరువాత తెల్లవారుజామున పాల బూత్ నుంచి ప్యాకెట్టు తెచ్చి గట్టు మీద పెట్టాను. బొటనవేలు నీలం. ఆ నీలాన్ని నేను ఎక్కడైనా పోల్చుకోగలను. మా ఆవిడ నా వేలు చూసి, ప్యాకెట్టు చూసి, ‘‘ఏమండీ, మీ ఫ్యాక్టరీ ఇంటిదాకా వచ్చినట్టుందే’’ అంది. తమరి పేరు చెప్పలేదు. అంత విశ్వాసం నాది.

కులగౌరవం కోసం ఒక మాట. 1890లో లివర్‌పూల్‌లో బిబ్బీ, బారన్ అనే వాళ్లు మన ఫ్లెక్సో తరహా యంత్రానికి మొదట పేటెంటు పొందారు. నీళ్ల ఇంకు కావడంతో అచ్చు అలుక్కుపోయి, జనం దానికి ‘బిబ్బీ గారి తెలివితక్కువతనం’ అని పేరు పెట్టారు. ఇంకులో వాడిన అనిలిన్ అనే రసాయనపు రంగుల పేరు మీద చాలా కాలం దీన్ని అనిలిన్ ముద్రణ అనేవారు. తిండి ప్యాకెట్ల మీద అనిలిన్ అనే మాట వింటేనే జనం జంకుతారని 1952లో ఫ్లెక్సోగ్రఫీ అని పేరు మార్చారు. ఆ అలుక్కుపోయే సంప్రదాయాన్ని ఇన్నేళ్ల తరువాత కూడా నిలబెడుతున్నది తమరే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇథైల్ అసిటేట్ మైనస్ 4 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరి ఇస్తుంది. హైదరాబాదులో అంత చలి రోజు నేను చూడలేదు. అంటే ఏడాది పొడవునా సిద్ధంగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పిల్లిలా నేల మీద పాకుతుంది. రోలు విప్పుతుంటే ఫిల్ములో పుట్టే స్థిర విద్యుత్తుకు చేతి వెంట్రుకలు లేచి నిలబడతాయి. అందుకే సాల్వెంటు పోసే పాత్ర లోహపుదై ఉండాలి, డ్రమ్ముకూ పాత్రకూ వైరు కలిపి భూమికి దింపాలి. తమరు ప్లాస్టిక్. వైరు తగిలించినా తమరి ఒంట్లోని విద్యుత్తు దిగదు, పట్టుకుని కూర్చుంటుంది. పోయిన వేసవిలో హెల్పరు కుర్రవాడు డ్రమ్ము నుంచి తమరితో ముంచి పోస్తుండగా బుస్సుమని మంట లేచింది. తడి గోనె పట్టా దగ్గరలో ఉండబట్టి సరిపోయింది. వాడి కనుబొమలు పోయాయి, తమరి మూతి ఒక పక్కకు వంకర తిరిగింది. విచారణ కాగితంలో కారణం ‘కార్మికుని అజాగ్రత్త’ అని రాశారు. తమరి వాంగ్మూలం ఎవరూ తీసుకోలేదు. వాడు నెల తరువాత వచ్చి కొత్త కనుబొమలతో మళ్లీ తమరినే చేతబట్టాడు.

అప్పుడు నేను ఒక దుస్సాహసం చేశానని మనవి. నా డబ్బుతో గీతలున్న రెండు లీటర్ల స్టీలు పాత్ర, రాగి వైరు, క్లిప్పు కొనితెచ్చి డ్రమ్ము పక్కన పెట్టాను. మూడో రోజు వెతికితే పాత్ర క్యాంటీనులో కనిపించింది. కొలత గీతలు ఉండటంతో సాంబారు వడ్డనకు చాలా వీలుగా ఉందట. క్లిప్పు మాత్రం ఇంకు గదిలోనే ఉంది. వచ్చే వారం తనిఖీ ఉందని మేస్త్రి దాన్ని తెచ్చి, తమరి విరిగిన పిడికి తగిలించాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఇంకు గది గుమాస్తా

తాజా కలం: ఈ ఉత్తరం రాస్తూ రిజిస్టరు చూశాను. రేపటి పేజీ కూడా నింపేశారు. ఇరవై సెకన్లు.