సున్నం ఎక్కువైన మంచు పల్లె

నిన్న మధ్యాహ్నం నుంచీ మా మావయ్య ఎదురుపడితే తప్పుకుని తిరుగుతున్నాను. తప్పు ఆయనది కాదు, ఆ వీడియో వాడిది.

'కొత్తగా వాటర్‌కలర్ బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి మంచు పల్లె, ఇరవై నిమిషాల్లో' అన్నాడు. భీమవరం పక్క పల్లెటూళ్ళో పుట్టి, పుష్యమాసపు పొగమంచు తప్ప వేరే మంచు ఎరగని నేను నమ్మేశాను. మందపాటి 300 జీఎస్ఎం కాగితం అడిగితే షాపాయన "ఏదైనా కాగితమేనండి, ఆయ్" అని పిల్లల డ్రాయింగ్ షీటు చుట్టిచ్చాడు.

వాటర్‌కలర్‌లో మంచుకి తెల్లరంగు అక్కర్లేదట, కాగితాన్ని అలా వదిలెయ్యడమేనట. వదిలెయ్యడం నాకు బాగా వచ్చు. నీడలు మాత్రం నీలంగా వెయ్యాలి, ఆకాశం రంగు పడుతుంది కాబట్టి. రంగు తడిగా ఉండగా ఉప్పు చల్లితే అది తేమ పీల్చుకుని మంచు రాలినట్టు లేత మచ్చలు పడతాయి. మెత్తటి ఉప్పు దొరక్క కల్లుప్పు చల్లాను. "ఆరేదాకా ఆగండి" అని వాడు రెండు సెకన్లలో ఆరిన బొమ్మ చూపించాడు. ఏ ఎడారిలో ఉంటాడో! ఈ ముసురులో మా ఇంట్లో లుంగీయే రెండు రోజులకి ఆరదు. కాగితం తడిసి గట్లు గట్లుగా లేచింది.

అప్పుడొచ్చాడు మావయ్య. ఏళ్ళ తరబడి రొయ్యల చెరువుల మీదే బతికిన మనిషి. కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"చెరువెప్పుడు తీసుకున్నావురా అల్లుడూ? చెప్పనేలేదు."

నీలం నీడల మీద వేలు పెట్టాడు. "నీళ్ళు పూర్తిగా తోడకుండా సున్నం చల్లేశావేంట్రా? నేల ఎండి నెర్రెలివ్వాలి కదా." పైన్ చెట్లు చూసి, "సరుగుడు బాగా ఎదిగింది" అన్నాడు. పొగగొట్టంలోంచి పొగ చూసి జాలిపడ్డాడు. "కరెంటు తీసేశాడా? జనరేటరుకి డీజిలు పోయలేక చస్తున్నాం."

"మం..." అన్నాను. ఈలోగా ఒక ఉప్పు రాయి వేలికి అద్దుకుని నాలిక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. దవడ అటోసారి, ఇటోసారి కదిలింది. చెరువు నీళ్ళ ఉప్పదనం చూడ్డానికి అందరూ మీటరు వాడతారు, ఆయనకి నాలికే మీటరు. ఆయన తేల్చేదాకా పరీక్ష రిజల్టు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాను. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుగారి గ్యాలరీకి రెండుసార్లు వెళ్ళొచ్చినవాణ్ణి, ఆ మాత్రం గౌరవానికైనా 'ఇది మంచు మావయ్యా' అనాల్సింది.

"ఉప్పు చాలా ఎక్కువుందిరా."

"బోరు నీళ్ళు కలుపుతాను మావయ్యా," అన్నాను.

"కలుపు. ఏరేటర్లు పెట్టకుండా మాత్రం రొయ్య సీడ్ వెయ్యకు."

లోపల్నుంచి మా ఆవిడ కేకేసింది: "ఏవండీ, ఉప్పు జాడీ ఎక్కడ పెట్టారు?"