ఆ గ్రీన్ మ్యాట్ మెసేజ్ నాకు పంపుడు ఆపుండ్రి

"500 రూపాయలకే ఇంట్లో గ్రీన్ మ్యాట్ స్టూడియో! సినిమా వాళ్ళు దాచిన ఆరు రహస్యాలు." గ్రీన్ మ్యాట్ అంటే మనిషి వెనుక కట్టే ఆకుపచ్చ బట్ట, ఎడిటింగ్‌ల దాన్ని తీసేసి ఆ జాగల వేరే సీను పెడ్తరు. ఈ మెసేజ్ వారం రోజులల్ల నాకు తొమ్మిది సార్లు వచ్చింది. హన్మకొండల పాటలు ఎడిటింగ్ చేసుకొని బతికేటోన్ని అని తెలిసి, "అన్నా, నీ గిరాకీ పాయె" అని నవ్వే బొమ్మ పెట్టి మరీ పంపిన్రు. గిరాకీ యాడికి పోదు తమ్మీ. దీన్ని నమ్మి తీసిన వీడియోలన్నీ తిరిగి తిరిగి నా సిస్టం ముందరికే వస్తయి. "జెర సెట్ చెయ్యన్నా" అంటరు. కోపం గందుకే.

"ఆకుపచ్చది ఏదైనా సరే. అమ్మ పట్టుచీర, నర్సరీ నెట్ కూడా పనికొస్తాయి." చీరకు జరీ ఉంటది. నెట్‌కు తొర్రలుంటయి. అయిపాయె.

"కెమెరాకు ఆకుపచ్చ కనిపించదు, అందుకే మాయమవుతుంది." ఇది రాసినాయనకు దండం పెట్టాలె. ఫోన్ కెమెరాల వెలుగును పట్టే చిప్పు (సెన్సర్) మీద ఒక ఎరుపు గడికి, ఒక నీలం గడికి రెండు ఆకుపచ్చ గడులు ఉంటయి. అన్నిటికంటె బాగ కనిపించేదే ఆకుపచ్చ. పైగా మన ఒంటి రంగుకు దూరం. అందుకే దాన్ని ఏరి తీసేసుడు అల్కగైతది. కెమెరాకు కనిపించకపోతే ఎడిటింగ్‌ల నేను దేన్ని తీసెయ్యాలె?

"మెరిసే శాటిన్ కొనండి, లైటు బాగా పట్టుకుంటుంది." పట్టుకుంటది, పట్టుకొని సక్కగ కెమెరా మొకాన కొడ్తది. బట్ట నడుమల తెల్లటి మచ్చ పడ్తది. తెల్లగైన కాడ అది ఇగ ఆకుపచ్చ కాదు. కొత్తవాడల దరీలు నేసే ఊరోళ్ళం, కాటన్ గురించి మనకు ఒకలు చెప్పాల్నా? మందం కాటన్, మెరుపు లేనిది, ఇస్త్రీ చేసి, ముందు రోజు రాత్రే దండానికి కట్టి, కింద బట్టల క్లిప్పులతోని బిగ్గ లాగుండ్రి. ఒక్క ముడత ఉన్నా దాని నీడ గీతలెక్క వీడియోల తేల్తది.

ఇగ అసలు దానికి వస్త. "టెంట్ హౌస్ నుంచి రెండు 1000 వాట్ల హాలోజన్లు కిరాయికి తెచ్చి బట్టకు అడుగు దూరంలో పెట్టండి. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు. ఎంత వెలుగైతే అంత క్వాలిటీ."

హాలోజన్ బల్బు సరిగ్గ పనిచేయాల్నంటేనే దాని గాజు 250 డిగ్రీలు దాటాలె. పాలిస్టర్ శాటిన్ కరిగేది దగ్గర దగ్గర 260 కాడ. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి, సౌండ్ వస్తదని ఫ్యాన్ బంద్ చేసి, తలుపు మూసి, పదికి పది అర్రల పాట పాడాలెనట! వెయ్యి వాట్ల లైటు ఒక్కటే నాలుగు ఆంపులు దాటి గుంజుతది. రెండు కలిస్తే తొమ్మిదికి దగ్గర. మంచం పక్కన ఫోన్ చార్జింగ్ పెట్టే సాకెట్ ఆరు ఆంపులది. నేను కొత్తల కాజీపేటల ఒక ఇంట్ల గిదే పని చేసిన. రెండో టేక్‌ల ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే ప్లగ్గు ఎర్రమట్టి రంగుకొచ్చి, ఒక పిన్ను సాకెట్‌లనే ఉండిపోయింది. ఆ ప్లగ్గు ఇప్పటికీ నా సొరుగుల ఉంది. కొత్తగ పని నేర్సుకునే పోరగాండ్లకు మొదలు దాన్నే చూపిస్త.

అగ్గి అంటుకోకున్నా ఆ మాట తప్పే. కావాల్సింది ఎక్కువ వెలుగు కాదు, అంతట ఒక్కతీరు వెలుగు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, బట్టకు అటొకటి ఇటొకటి నిలబెట్టుండ్రి, సాలు. మొకానికి వేరే లైటు, దాని ముంగట తెల్లటి దుప్పటి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళది, లైటు సెకనుకు 100 సార్లు మినుకుతది. ఫోన్ కెమెరాల ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) తెరిచి, షటర్ వేగం సెకనుల 50వ వంతుకో 100వ వంతుకో పెడితే వీడియోల చారలు రావు. వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగు) లాక్ చెయ్యకపోతే మాత్రం నడుమల రంగు మారుతది, మల్ల నన్ను అనొద్దు.

"బట్టకు ఆనుకుని నిలబడితే నీడ పడదు." అవును, నీడ పడదు. ఆకుపచ్చ మాత్రం చెవుల మీద, చొక్కా కాలర్ మీద, నూనె పెట్టిన జుట్టు మీద పడ్తది. బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తే దాంతోపాటు చెవులు పోతయి. వెనుక వేయిస్తంభాల గుడి, ముందట చెవుల్లేని గాయకుడు! ఐదారు అడుగులు ముందుకు రావాలె. అర్ర చిన్నదా? మూలకు అడ్డంగ బట్ట కట్టి, ఎదురు మూలల ఫోన్ పెట్టుండ్రి. పదికి పది అర్ర మూల నుంచి మూలకు పద్నాలుగు అడుగులు ఉంటది.

ఆఖరుది: "లైట్లే లేకపోతే మబ్బు పట్టినప్పుడు దాబా మీద తీయండి." దీన్ని కూడా చీరేద్దామనే కూసున్న. కానీ పోయిన వానకాలం కరెంటు పోయిన రోజు నేను చేసింది గిదే. పిట్టగోడకు బట్ట కట్టి, గాలికి లేవకుండ కింద నాలుగు ఇటుకలు పెట్టి, మా అక్క బిడ్డతోని బతుకమ్మ పాట తీసిన. మబ్బు కంటె ఒక్కతీరు వెలుగిచ్చే లైటు నా దగ్గర లేదు. ఎడిటింగ్‌ల ఒక్క క్లిక్కుకు, ఆమె జడలున్న బంతిపూల రెక్కలతో సహా, శుభ్రంగ ఊడొచ్చింది. ఈ ముక్క రాసిన మనిషే ఆ హాలోజన్ల ముక్క రాసిండంటే నమ్మబుద్ధైతలేదు.

ఆ ఒక్క లైను కత్తిరించి పంపుండ్రి, నేనే పది గ్రూపులల్ల పెడ్త.