సరిహద్దు కమిటీలో మా ఊరికో కుర్చీ

దేశ సరిహద్దుల భద్రతకు నిపుణుల సలహా కమిటీ వేయాలన్న మాట వినపడితే చాలు, మా ఊళ్ళో ముసలాళ్ళు కూడా కండువా దులుపుకొని లేస్తారు. మాది పొదిలి పక్కన ఒక పల్లె. పండేది కంది, పొగాకు, గట్టు తగాదాలు. హద్దుల విషయంలో మాకున్న అనుభవం ఢిల్లీలో ఏ ఆఫీసుకూ లేదని బాధ్యతతో మనవి చేస్తున్నాను.

చైనాతో మన హద్దు మన లెక్కలో 3,488 కిలోమీటర్లు. వాళ్ళేమో రెండు వేలు అంటారు. మేధావులు దీనికి తలలు పట్టుకుంటారు గానీ మా పెదనాన్నకు నిమిషం పట్టలేదు. ఆయన పాస్‌బుక్కులో రెండెకరాల పది సెంట్లు. పక్క చేని ఆసామి లెక్కలో అది రెండెకరాలే. ఆ పది సెంట్లు కోర్టులో ఉండబట్టి ముప్పై ఏళ్ళు. ఆసామి ఏనాడూ కర్ర పట్టుకుని మీదికి రాలేదు. ఏటా తొలకరికి పార తీసుకుని గట్టును ఒక జానెడు చెక్కుతాడు, అంతే. జానెడు మట్టికి ఎవరు పోట్లాడతారు? కొన్నేళ్ళు పోయాక చూస్తే హద్దురాయి వాళ్ళ కందిచేలో నడిమధ్యన ఉంది. ఈ పద్ధతికి నిపుణులు ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టారట. మేం గట్టు చెక్కుడు అంటాం.

కమిటీల చరిత్రా తిరగేశాం. కార్గిల్ యుద్ధం ముగియగానే 1999 జులైలో కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన సమీక్షా కమిటీ వేశారు. ఆయన ఆరు నెలలు తిరక్కముందే నివేదిక ఇచ్చేశారు. కమిటీ అన్నాక అంత తొందర పనికిరాదు. ఆ నివేదికను చూడటానికి మంత్రుల బృందం, ఆ బృందానికి సాయంగా నాలుగు టాస్క్‌ఫోర్సులు పుట్టాయి. త్రివిధ దళాలకూ కలిపి ఒక అధిపతి కావాలని 2001లో తేల్చారు. జనరల్ బిపిన్ రావత్ ఆ కుర్చీలో కూర్చున్నది 2020 జనవరి 1న. మా పెదనాన్న కేసు కంటే ముందే తేలింది, ఒప్పుకోవాలి.

ఒక సరిహద్దుకు ఒకే బలగం ఉండాలన్నదీ ఆ బృందం మాటే. చైనా వైపు ఐటీబీపీ, నేపాల్, భూటాన్ వైపు ఎస్ఎస్‌బీ, అలా. ఇది మాత్రం మాకు నచ్చింది. ఒక గట్టుకు ఇద్దరు అన్నదమ్ముల్ని కాపలా పెడితే ‘నువ్వు చూస్తున్నావనుకున్నా’ అనడానికి తప్ప పనికిరారు.

సరే, రచ్చబండ మీద మేమూ ఒక కమిటీ వేశాం. అవతలివాడి ఆలోచన తెలిసినవాడు కావాలి గనక పక్క చేని ఆసామినే అధ్యక్షుణ్ణి చేశాం. పెదనాన్న సభ్యుడు. లడఖ్ మంచులో కాపలా కాసొచ్చిన మాజీ జవాను ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచాం. కుర్చీలు వేస్తున్నాడు.

గొర్రెల కాపరికీ చోటివ్వాలని నేను ప్రతిపాదించాను. కార్గిల్ కొండల మీద 1999 మే మొదట్లో చొరబాటుదార్లను చూసి సైన్యానికి చెప్పింది, తప్పిపోయిన జడల బర్రెను వెతుక్కుంటూ వెళ్ళిన తాషీ నమ్‌గ్యాల్ అనే కాపరే కదా అన్నాను. కాపరికి డిగ్రీ లేదన్నారు. ప్రతిపాదన వీగిపోయింది.

మొదటి సమావేశం మూడు గంటలు నడిచింది. అందులో రెండున్నర గంటలు పొదిలి బస్సు చార్జీలు ఎవరివ్వాలన్న దాని మీదే. అప్పుడొచ్చాడు మా ఊరి మేకలాయన.

“సామీ, నా మేకలు రెండు ఇటేమన్నా వచ్చినాయా?”

“మీటింగు జరుగుతా ఉంటే కనపళ్ళా? పెదనాన్న వాళ్ళ గట్టెక్కి చూసుకోపో” అన్నాడు అధ్యక్షుడు.

“అక్కణ్ణుంచే వస్తన్నా సామీ. ఆడ గట్టెక్కడుంది? పొద్దున్నే మీ ట్రాక్టరు దున్నేసిందిగా!”

పెదనాన్న కండువా తీసి నడుముకు చుట్టాడు. మాజీ జవాను కుర్చీలు మడిచి పక్కన పెట్టడం మొదలెట్టాడు. మినిట్స్ రాసేది నేనే. ‘మేకల విషయం తదుపరి సమావేశానికి వాయిదా’ అని రాసి, అందరికీ టీ చెప్పాను.